హోతి (బి) సర్పంచ్ నుంచి శాసన మండలి దాకా: మహమ్మద్ ఫరీదుద్దీన్ రాజకీయ జీవితం

మహమ్మద్ ఫరీదుద్దీన్ జహీరాబాద్ నుంచి రెండుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన నాయకుడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి మంత్రివర్గంలో మంత్రిగా పనిచేశారు. తెలంగాణ వచ్చాక టీఆర్‌ఎస్ తరఫున శాసన మండలి సభ్యుడయ్యారు. 2021 డిసెంబర్ 29న హైదరాబాద్‌లో గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 64 ఏళ్లు.

ఇంతవరకూ చాలామందికి తెలిసిన సంగతే. ఆయన జీవితాన్ని వరుసగా చూస్తే ఇంకో సంగతి కూడా కనబడుతుంది. వరుసగా రెండుసార్లు గెలిచి మంత్రి కూడా అయిన మనిషి, మూడోసారి సొంత ఊరి సీటులో నామినేషన్ వేయలేకపోయారు. ఓడిపోయి కాదు, పార్టీ టికెట్ ఇవ్వకా కాదు. నియోజకవర్గాల పునర్విభజనలో జహీరాబాద్ ఎస్సీ రిజర్వుడు సీటు అయిపోయింది. అందుకే ఆయన కథ ఒక్క మనిషి కథతో ఆగదు. సంగారెడ్డి జిల్లా ముస్లింల రాజకీయ లెక్క కూడా అందులోనే ఉంది.

ఊరు, నేపథ్యం

ఫరీదుద్దీన్‌ది జహీరాబాద్ మండలం హోతి (బి) గ్రామం. అప్పట్లో అది మెదక్ జిల్లా. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది.

హైదరాబాద్ నుంచి ముంబై హైవే పట్టుకుని బయల్దేరితే రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, పటాన్‌చెరు పారిశ్రామికవాడ, ఇస్నాపూర్, రుద్రారం, సంగారెడ్డి, ఎంఆర్‌ఎఫ్ టైర్ల ఫ్యాక్టరీ ఉన్న సదాశివపేట వరుసగా వస్తాయి. చివరికి కర్ణాటక సరిహద్దు దగ్గర జహీరాబాద్. హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్ల దూరం. బీదర్ దాని పక్కనే. మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఇక్కడే ఉంది. చుట్టూ చెరకు, అల్లం, ఆలుగడ్డ, కంది పండించే పల్లెలు. బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ వినబడతాయి. పట్టణంలో ముస్లిం కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి, పల్లెల్లోనూ ఉన్నాయి.

ఇలాంటి చోట నాయకుడు ఒక్క వర్గం ఓట్లతో గెలవలేడు. చెరకు రైతు, దళితవాడ, లింగాయత్ కుటుంబం, పట్టణంలోని చిన్న వ్యాపారి, ఫ్యాక్టరీ కార్మికుడు అందరి దగ్గరికీ వెళ్లాలి. ఫరీదుద్దీన్ రాజకీయం అక్కడే మొదలైంది. మొదట హోతి (బి) గ్రామ సర్పంచ్ అయ్యారు. కాంగ్రెస్ పార్టీలో కింది నుంచి ఒక్కో మెట్టు ఎక్కుతూ వచ్చారు.

బాగారెడ్డి కోటలో

జహీరాబాద్ సీటు పేరు చెబితే పాత తరానికి మొదట గుర్తొచ్చేది ఎం. బాగారెడ్డి. 1957 నుంచి 1985 దాకా వరుసగా ఏడు ఎన్నికల్లో ఆయన ఇక్కడ గెలిచారు. ఆ తర్వాత మెదక్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. అంటే జహీరాబాద్ కాంగ్రెస్‌కు బలమైన సీటు. అయినా 1994లో ఎన్టీఆర్ గాలి వీచినప్పుడు ఈ సీటు తెలుగుదేశం చేతికి వెళ్లింది.

1999లో కాంగ్రెస్ ఫరీదుద్దీన్‌ను నిలబెట్టింది. ఆ ఎన్నికలు కాంగ్రెస్‌కు కష్టకాలం. కార్గిల్ యుద్ధం ముగిసి కొన్ని నెలలే అయింది. రాష్ట్రంలో చంద్రబాబు తెలుగుదేశం, కేంద్రంలో వాజ్‌పేయి బీజేపీ చేతులు కలిపాయి. 294 సీట్ల అసెంబ్లీలో తెలుగుదేశానికి 180, కాంగ్రెస్‌కు 91 వచ్చాయి. ఆ 91లో జహీరాబాద్ ఒకటి. జనరల్ సీటులో, ఎదురుగాలిలో, ఒక ముస్లిం అభ్యర్థి గెలిచి అసెంబ్లీకి వెళ్లారు.

2004లో గాలి తిరిగింది. వై.ఎస్. పాదయాత్ర, కరవు, కరెంటు బిల్లులు, తెలంగాణ డిమాండ్ అన్నీ కలిసి తెలుగుదేశాన్ని 47 సీట్లకు దించాయి. కాంగ్రెస్ సొంతంగా 185 గెలిచింది. దాని పొత్తులో ఉన్న టీఆర్‌ఎస్ 26 గెలిచింది. ఫరీదుద్దీన్ జహీరాబాద్‌లో రెండోసారి గెలిచారు.

మంత్రిగా

2004 మే 14న వై.ఎస్. ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆయన మంత్రివర్గంలో ఫరీదుద్దీన్‌కు చోటు దొరికింది. మైనారిటీ సంక్షేమ శాఖ బాధ్యతలు చూశారు. కామారెడ్డి నుంచి గెలిచిన మహమ్మద్ అలీ షబ్బీర్ కూడా అదే ప్రభుత్వంలో మంత్రి. తెలంగాణ జిల్లాల నుంచి, అదీ హైదరాబాద్ పాతబస్తీ బయటి నుంచి గెలిచిన ఇద్దరు ముస్లింలు ఒకే ప్రభుత్వంలో మంత్రులుగా ఉండడం మామూలు విషయం కాదు.

ఆ ఐదేళ్లలో మన కుటుంబాల మీద ఎక్కువ ప్రభావం చూపిన నిర్ణయం ముస్లిం రిజర్వేషన్. అది ఒక్క మంత్రి చేసిన పని కాదు. ముఖ్యమంత్రి మాట ఇచ్చారు, ప్రభుత్వం మొత్తం దాని మీద పనిచేసింది, కోర్టులో పోరాడింది. ఫరీదుద్దీన్ ఆ ప్రభుత్వంలో భాగం. వరుస ఇలా ఉంది.

2004 జూలైలో ముస్లింలందరికీ 5 శాతం రిజర్వేషన్ ఇస్తూ జీవో వచ్చింది. కొద్ది నెలలకే హైకోర్టు కొట్టేసింది. వెనుకబాటును సరిగ్గా లెక్కగట్టకుండా ఇచ్చారన్నది ప్రధాన అభ్యంతరం.

2005లో బీసీ కమిషన్ నివేదికతో మళ్లీ 5 శాతం తెచ్చారు. అదే ఏడాది నవంబర్‌లో హైకోర్టు దాన్నీ కొట్టేసింది.

2007లో దారి మార్చారు. రిటైర్డ్ ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్ ముస్లింలలో వృత్తిపరంగా, సామాజికంగా వెనుకబడిన వర్గాలను గుర్తించి నివేదిక ఇచ్చారు. ఈసారి ముస్లింలందరికీ కాకుండా 14 వర్గాలకు బీసీ-ఈ పేరుతో 4 శాతం ఇచ్చారు. షేక్, ఖురేషీ, ఫకీర్, హజామ్, లబ్బీ, ధోబీ ముస్లిం వంటి వర్గాలు ఇందులో ఉన్నాయి. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వర్గాలను బయట ఉంచారు. దూదేకుల వారు అంతకు ముందు నుంచే బీసీ-బీలో ఉన్నారు కాబట్టి వారి సంగతి వేరు.

2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం దీన్ని కూడా కొట్టేసింది. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి 14 వర్గాలకు రిజర్వేషన్ కొనసాగనిచ్చింది. ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్లలో, ఉద్యోగాల్లో మన పిల్లలు బీసీ-ఈ సర్టిఫికెట్ పెడుతున్నారంటే దాని మూలం ఇదే.

సీటు ఎందుకు మారింది

2009 ఎన్నికల నాటికి జహీరాబాద్‌లో పెద్ద మార్పు వచ్చింది. జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడిన పునర్విభజన సంఘం 2001 జనగణన లెక్కలతో నియోజకవర్గాల హద్దులు మార్చింది. ఉమ్మడి రాష్ట్రంలో మొత్తం సీట్లు 294గానే ఉన్నాయి. ఎస్సీ రిజర్వుడు సీట్లు మాత్రం 39 నుంచి 48కి, ఎస్టీ సీట్లు 15 నుంచి 19కి పెరిగాయి.

మెదక్ జిల్లాలో అంతకు ముందు అందోల్, గజ్వేల్ ఎస్సీ సీట్లు. కొత్త లెక్కలో అందోల్ అలాగే ఉంది. గజ్వేల్ జనరల్ అయింది. దాని బదులు జహీరాబాద్ ఎస్సీ రిజర్వుడు అయింది. పటాన్‌చెరు, దుబ్బాక పేర్లతో కొత్త సీట్లు వచ్చాయి. జహీరాబాద్ పేరుతో కొత్తగా లోక్‌సభ సీటు కూడా ఏర్పడింది.

ఈ మార్పు ఇద్దరు మంత్రుల దారి మార్చింది. గజ్వేల్ నుంచి గెలిచి వై.ఎస్. మంత్రివర్గంలో ఉన్న జె. గీతారెడ్డి జహీరాబాద్‌కు వచ్చి 2009లో, మళ్లీ 2014లో గెలిచారు. అదే మంత్రివర్గంలో ఉన్న ఫరీదుద్దీన్ జహీరాబాద్ వదలాల్సి వచ్చింది. జనరల్ అయిన గజ్వేల్ నుంచే 2014లో కేసీఆర్ గెలిచి తెలంగాణ తొలి ముఖ్యమంత్రి అయ్యారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. దళితులకు అసెంబ్లీలో రిజర్వేషన్ రాజ్యాంగం ఇచ్చిన హక్కు. దాంతో ఎవరికీ పేచీ లేదు. జహీరాబాద్ పల్లెల్లో దళిత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, వారి మనిషి అసెంబ్లీకి వెళ్లడం న్యాయమే. ప్రశ్న వేరే. ఏ సీటు రిజర్వు చేయాలన్నది ఎలా నిర్ణయిస్తారు? ముస్లింలు ఎక్కువగా ఉన్న సీటు రిజర్వు అయితే ఏమవుతుంది?

చట్టం ప్రకారం ఎస్సీ సీట్లను రాష్ట్రంలోని వేర్వేరు ప్రాంతాల్లో సర్దాలి. వీలైనంత వరకు ఎస్సీ జనాభా శాతం ఎక్కువ ఉన్న చోట పెట్టాలి. ఇక 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే ఎస్సీ హోదా ఉంటుంది. అంటే ఎస్సీ రిజర్వుడు సీటులో ముస్లిం పోటీ చేయడానికి వీలే లేదు. ఓటు వేయొచ్చు, నామినేషన్ వేయలేరు.

పంచాయతీలో అయితే రిజర్వేషన్ వంతులవారీగా మారుతుంది. ఈసారి రిజర్వు అయిన ఊరు తర్వాత జనరల్ కావచ్చు. అసెంబ్లీలో అలా కాదు. మళ్లీ పునర్విభజన జరిగే దాకా అదే సీటు అలాగే ఉంటుంది. 2009లో ఓటు వేసిన యువకుడు నడివయసుకు వచ్చినా జహీరాబాద్ సీటు అలాగే ఉంది.

ఇది జహీరాబాద్ ఒక్కదాని సమస్య కాదు. 2006లో వచ్చిన జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదిక ఉత్తరప్రదేశ్, బిహార్, పశ్చిమ బెంగాల్‌లో ముస్లింలు ఎక్కువున్న కొన్ని సీట్లు ఎస్సీలకు రిజర్వు కావడాన్ని ఎత్తిచూపింది. పునర్విభజన పద్ధతిని మరింత హేతుబద్ధంగా మార్చాలని సూచించింది. ఆ నివేదిక వచ్చిన కాలంలోనే మన దగ్గర పునర్విభజన కసరత్తు సాగుతోంది.

అంబర్‌పేట ప్రయోగం

సొంత సీటు పోయాక 2009లో కాంగ్రెస్ ఫరీదుద్దీన్‌ను హైదరాబాద్‌లోని అంబర్‌పేటకు పంపింది. అది కూడా పునర్విభజనలో పుట్టిన కొత్త సీటే. కానీ అక్కడ ఎదురుగా ఉన్నది బీజేపీ నాయకుడు జి. కిషన్‌రెడ్డి. 2004లో హిమాయత్‌నగర్ నుంచి గెలిచిన ఆయనకు ఆ వీధులు కొట్టినపిండి. ఫరీదుద్దీన్ మాత్రం వంద కిలోమీటర్ల దూరం నుంచి వచ్చిన మనిషి. కిషన్‌రెడ్డి గెలిచారు. ఫరీదుద్దీన్ ఓడిపోయారు.

అదే ఎన్నికల్లో రాష్ట్రంలో కాంగ్రెస్ 156 సీట్లతో మళ్లీ అధికారంలోకి వచ్చింది. జహీరాబాద్ కూడా కాంగ్రెస్‌కే దక్కింది. పార్టీ గెలిచింది, ఊరు గెలిచింది, పదేళ్లు ఎమ్మెల్యేగా ఉన్న మనిషి మాత్రం బయట ఉండిపోయారు. ఊళ్లో తెలిసిన ముఖం, పెళ్లికీ జనాజాకూ వచ్చే మనిషి అన్న పేరు ఓటుగా మారేది సొంత సీటులోనే. ఊరు మారితే ఆ పెట్టుబడి అంతా వెనకే ఉండిపోతుంది. ఆ తర్వాత ఏడేళ్ల పాటు ఆయన ఏ సభలోనూ లేరు.

టీఆర్‌ఎస్‌లోకి, మండలిలోకి

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ఆ ఏడాదే ఫరీదుద్దీన్ కాంగ్రెస్ వదిలి టీఆర్‌ఎస్‌లో చేరారు. ఆ రోజుల్లో చాలామంది పాత కాంగ్రెస్ నాయకులు అదే దారిలో నడిచారు. పార్టీ మారడాన్ని కొందరు తప్పుబట్టారు, కొందరు ఊరి పనుల కోసం తప్పదన్నారు. ఆయనకు మాత్రం పోటీ చేయడానికి సొంత సీటు లేదు. మిగిలిన దారి శాసన మండలి ఒక్కటే.

తెలంగాణ మండలిలో 40 మంది సభ్యులు. 14 మందిని ఎమ్మెల్యేలు, 14 మందిని స్థానిక సంస్థల ప్రతినిధులు ఎన్నుకుంటారు. పట్టభద్రుల నుంచి ముగ్గురు, టీచర్ల నుంచి ముగ్గురు వస్తారు. ఆరుగురిని గవర్నర్ నామినేట్ చేస్తారు. ఎమ్మెల్యే కోటాలో నియోజకవర్గం అంటూ ఉండదు, సీటు రిజర్వు అయిందన్న బెంగ ఉండదు. కానీ అక్కడ గెలుపు జనం చేతిలో కాదు, పార్టీ చేతిలో ఉంటుంది.

2016 మేలో తుమ్మల నాగేశ్వరరావు పాలేరు ఉప ఎన్నికలో గెలిచి అసెంబ్లీకి వెళ్లడంతో ఎమ్మెల్యే కోటాలో ఒక స్థానం ఖాళీ అయింది. ఆ స్థానానికి టీఆర్‌ఎస్ ఫరీదుద్దీన్‌ను ఎంపిక చేసింది. ఆయన ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఉప ఎన్నికలో వచ్చిన సీటు కాబట్టి పూర్తి ఆరేళ్లు కాదు, పాత సభ్యుడి మిగిలిన కాలమే దక్కుతుంది. అది 2021 జూన్ 3న ముగిసింది.

అదే రోజు ఎమ్మెల్యే కోటాలో గుత్తా సుఖేందర్‌రెడ్డి, కడియం శ్రీహరి, నేతి విద్యాసాగర్, బోడకుంటి వెంకటేశ్వర్లు, ఆకుల లలిత కూడా పదవీ విరమణ చేశారు. నవంబర్‌లో ఆ ఆరు స్థానాలు నింపినప్పుడు గుత్తా, కడియంలకు మళ్లీ అవకాశం వచ్చింది. ఫరీదుద్దీన్ పేరు జాబితాలో లేదు. కొత్త ఆరుగురిలో ముస్లిం ఒక్కరూ లేరు. మరుసటి నెలలోనే ఆయన ఈ లోకం వదిలి వెళ్లారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్.

ఆయన తర్వాత జిల్లా

జహీరాబాద్‌లో 2018, 2023 ఎన్నికల్లో కె. మాణిక్‌రావు గెలిచారు. జిల్లాలో మొత్తం ఐదు అసెంబ్లీ సీట్లు: సంగారెడ్డి, పటాన్‌చెరు, అందోల్, నారాయణఖేడ్, జహీరాబాద్. ఇందులో అందోల్, జహీరాబాద్ ఎస్సీ రిజర్వుడు. 2009 నుంచి 2023 దాకా జరిగిన నాలుగు సాధారణ ఎన్నికల్లో ఈ ఐదింటిలో ఎక్కడా ముస్లిం ఎమ్మెల్యే గెలవలేదు.

రాష్ట్రం లెక్క కూడా చూద్దాం. 2011 జనగణన ప్రకారం తెలంగాణ జనాభాలో ముస్లింలు సుమారు 12.7 శాతం. 119 సీట్లలో ఆ శాతం లెక్కేస్తే 15 అవుతుంది. 2014, 2018లో గెలిచింది ఎనిమిది మంది: మజ్లిస్ వారు ఏడుగురు, బోధన్ నుంచి టీఆర్‌ఎస్ ఎమ్మెల్యే షకీల్ ఒకరు. 2023లో ఆ ఒక్కరూ ఓడిపోయారు. ఏడుగురే మిగిలారు, అందరూ హైదరాబాద్ వారే. జిల్లాల నుంచి సున్నా. ఫరీదుద్దీన్ గెలిచిన 1999, 2004 ఎన్నికల విలువ ఈ లెక్క పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఈలోగా జిల్లా మారుతోంది. జహీరాబాద్ దగ్గర న్యాలకల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ పేరుతో సుమారు 12,600 ఎకరాల పారిశ్రామిక మండలి తలపెట్టారు. 2024 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన 12 పారిశ్రామిక నగరాల జాబితాలో జహీరాబాద్ కూడా ఉంది. భూమి పోయే రైతులకు పరిహారం, స్థానిక పిల్లలకు ఉద్యోగాలు, పటాన్‌చెరు నక్కవాగులో జరిగినట్టు నీళ్లు పాడుకాకుండా చూడడం వంటివన్నీ అసెంబ్లీలో గట్టిగా అడగాల్సిన సంగతులు. అడిగే మనుషుల్లో అన్ని వర్గాల వారూ ఉండాలి.

ఇక ముందు

2001లో చేసిన 84వ రాజ్యాంగ సవరణ ప్రకారం 2026 తర్వాత జరిగే తొలి జనగణన లెక్కలు వచ్చాకే కొత్త పునర్విభజన. రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షన్‌లో తెలంగాణ సీట్లను 119 నుంచి 153కి పెంచే మాట ఉంది. పునర్విభజన జరిగినప్పుడు జహీరాబాద్ రిజర్వుడుగా ఉంటుందా, జనరల్ అవుతుందా, పటాన్‌చెరు రెండుగా చీలుతుందా అన్నది అప్పుడే తేలుతుంది.

గతసారి పద్ధతి గుర్తుంచుకోవాలి. సంఘం మొదట ముసాయిదా ప్రకటించింది, అభ్యంతరాలు తీసుకుంది, బహిరంగ విచారణలు పెట్టింది. రాష్ట్రం నుంచి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు సహాయ సభ్యులుగా కూర్చున్నారు, కానీ వారికి ఓటు లేదు. తుది ఉత్తర్వు వచ్చాక కోర్టులో సవాలు చేయడం చాలా కష్టం. అంటే మాట్లాడాల్సింది ముసాయిదా దశలోనే. మండలాల వారీ జనాభా లెక్కలతో రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. దళిత సోదరులతో ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. ఒకరి హక్కు తీసి ఇంకొకరికి ఇమ్మని కాదు, ఇద్దరికీ చోటు దొరికేలా అడగాలి.

ఒక్క చూపులో

పేరు: మహమ్మద్ ఫరీదుద్దీన్
సొంతూరు: హోతి (బి), జహీరాబాద్ మండలం, సంగారెడ్డి జిల్లా
తొలి పదవి: గ్రామ సర్పంచ్
1999: జహీరాబాద్ ఎమ్మెల్యే, కాంగ్రెస్
2004: రెండోసారి ఎమ్మెల్యే, వై.ఎస్. ప్రభుత్వంలో మంత్రి
2009: జహీరాబాద్ ఎస్సీ రిజర్వుడు కావడంతో అంబర్‌పేటలో పోటీ, ఓటమి
2014: టీఆర్‌ఎస్‌లో చేరిక
2016: ఎమ్మెల్యే కోటాలో ఏకగ్రీవంగా ఎమ్మెల్సీ
2021 జూన్ 3: పదవీకాలం ముగింపు
2021 డిసెంబర్ 29: మరణం

అల్లాహ్ మర్హూమ్‌కు మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక.